ఫ్రాన్స్‌లో 24 రోజులు అద్దె కారు: కారుకి వంక పెట్టలేను, బంకు మాత్రం ఏడిపించింది

మైలేజీ, డిక్కీ సైజు, బ్లూటూత్ లాంటివి రాయను, అక్కడ ఏ చిన్న హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నా అవే ఉంటాయి. 2025 ఏప్రిల్ 19న లియోన్‌లో తీసుకుని మే 12న మళ్ళీ అక్కడే ఇచ్చేశాం, 2,900 కిలోమీటర్ల చిల్లర తిరిగాం. నడిపింది నేనొక్కణ్ణే, మా ఆవిడది పక్క సీట్లో మ్యాప్ డ్యూటీ. అద్దెకిచ్చిన కంపెనీ పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు కూడా.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. వెళ్ళిన మొదటి వారంలో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "ట్రైన్లు పట్టుకుని వేలాడకండి, కారు తీసుకోండి, హాయి" అని రాసేశా, ఫోటోలు కూడా పెట్టా. అప్పుడు బర్గండీలో ఉన్నాం. రోడ్డుకి రెండు పక్కలా పసుప్పచ్చటి చేలు, మన ఆవచేను పూతకొచ్చినట్టే, వాళ్ళు కోల్జా అంటారు, నూనె తీసే పంట. బోన్ ఊళ్ళో రంగు పెంకుల కప్పున్న ఆ పాత ఆస్పత్రి (1443లో కట్టడం మొదలెట్టారు) చూసి, దారిలో ఏదో ఊళ్ళో ఆగి, గోడల మీంచి ఊదా గుత్తులు వేలాడుతున్న తీగ కింద కూర్చుని బ్రెడ్డు, కందిపొడి తిన్నాం. ఆ మూడ్‌లో ఎవరైనా అలాగే రాస్తారు. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకుంటున్నా.

డ్రైవింగ్ గురించి రెండే రెండు ముక్కలు. ఇక్కడ నాది మారుతి, ఇండికేటర్ కుడిచేతి వైపు ఉంటుంది. అక్కడ ఎడమ వైపు. మొదటి మూడు రోజులు ప్రతి రౌండ్‌అబౌట్‌లోనూ వాన లేకుండానే వైపర్లు ఆడించా, గేరు కోసం ఎడం చెయ్యి వెళ్ళి డోర్‌కి టకీమని కొట్టుకునేది. ఇక ఊరి చివర కనిపించే బోర్డులు: ఒక బాణం మీద "తూత్ డిరెక్సియోఁ", అంటే అన్ని దిక్కులకీ, ఇంకో బాణం మీద "ఓత్ర డిరెక్సియోఁ", అంటే మిగతా దిక్కులకి. అన్ని దిక్కులూ అటే పోతే ఇంక మిగతావి ఏవయ్యా బాబూ అని మా ఆవిడ రోజూ నవ్వేది. నాల్గో రోజుకి అలవాటైపోయింది, నేను నవ్వడం కూడా మానేశా.

అసలు సంగతి మే 1న జరిగింది.

మే నెలంటే వాళ్ళకి సెలవుల నెల. 1న కార్మిక దినోత్సవం, 8న ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు. ఆ ఏడు రెండూ గురువారాలే పడ్డాయి, శుక్రవారం కూడా కలిపేసుకుంటారు, దాన్ని వంతెన వెయ్యడం అంటారట. మిగతా పండగలకి కొన్ని షాపులైనా తీస్తారు గానీ మే 1 అలా కాదు, చట్టం ప్రకారమే అందరికీ సెలవు ఇవ్వాల్సిన రోజు అదొక్కటే, ఏ కొద్ది పనులకో తప్ప. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ పొద్దున రోకమదూర్ దగ్గర బయల్దేరేటప్పుడు ట్యాంకులో పావు వంతు కన్నా కొంచెం ఎక్కువుంది, దారంతా "24/24" బోర్డులు, అంటే రోజంతా తెరిచుండే బంకులు, కనిపిస్తున్నాయి, ఎక్కడో ఒకచోట కొట్టిద్దాంలే అనుకున్నా.

లోజేర్‌లోకి వచ్చాం. ఫ్రాన్స్ మొత్తం మీద జనం అతి తక్కువున్న డిపార్ట్‌మెంట్ (మన జిల్లా లాంటిది) అది, అంతా కలిపి 80 వేల మంది లోపే, మన కాకినాడలో నాలుగు పేటల జనం. ఒక పక్క టార్న్ నది లోయ, ఇంకో పక్క సున్నపురాయి పీఠభూములు, ఎక్కడం దిగడం, మళ్ళీ ఎక్కడం. డ్యాష్‌బోర్డులో ఇంకా 70 కిలోమీటర్లు వెళ్ళొచ్చని చూపించింది కాస్తా రెండు ఎత్తులు ఎక్కేసరికి 31 అయి కూర్చుంది. ఏసీ ఆపేశా. మా ఆవిడ మాట్లాడడం ఆపేసింది.

ఒక ఊరి చివర సూపర్‌మార్కెట్ బంకు దొరికింది. షట్టర్ వేసుంది, పార్కింగ్‌లో పురుగు లేదు, కానీ పంపు లైట్లు వెలుగుతున్నాయి. పెట్రోల్‌కి గుండ్రటి గుర్తులో ఈ10, డీజిల్‌కి చదరపు గుర్తులో బి7, మూత లోపలున్న స్టిక్కర్‌తో పోల్చుకుంటే చాలు, ఆ విషయంలో వాళ్ళకి దణ్ణం పెట్టాలి, భాష రాకపోయినా తప్పు పోయించుకోం. కార్డు పెట్టా, పిన్ కొట్టా, కాసేపు ఆలోచించి వద్దంది. ఇంకోసారి పెట్టా, వద్దంది. ముందే యూరోలు నింపుకున్న ఫోరెక్స్ కార్డు పెట్టా, అదీ వద్దంది. మూడోది రూపే కార్డు, దాన్ని మిషన్ అసలు పోల్చుకోలేదు. ఈఫిల్ టవర్ టికెట్‌కి మన యూపీఐ పనిచేస్తుందని ఇంటి దగ్గర అందరికీ గొప్పలు చెప్పొచ్చిన మనిషిని నేను!

బ్యాంకు యాప్ తీస్తే ఓటీపీ అడుగుతోంది. ఓటీపీ వచ్చే సిమ్ తీసి పర్సులో పెట్టి, ఫోన్లో అక్కడి సిమ్ వేసుకున్నా. ట్రే తీసే పిన్ను పెద్ద బ్యాగులో ఎక్కడో అడుగున ఉంది. మా ఆవిడ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది, దాంతో ట్రే లాగి మన సిమ్ వేశా, తీరా చూస్తే రోమింగ్ ప్యాక్ వెయ్యలేదు. నలభై నిమిషాలు గడిచాయి. ఒక కుక్క వచ్చి చూసి వెళ్ళింది, అంతే.

తర్వాత ఒక తెల్ల వ్యాను వచ్చింది. దిగిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, రబ్బరు బూట్లకి మట్టి. ఇక్కడ మా ఆవిడ గురించి చెప్పాలి, ఆవిడది యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న ఊరు, వాళ్ళ తాతగారు ఫ్రెంచి బళ్ళో చదువుకున్నారు, అందువల్ల ఇంట్లో నాలుగు ముక్కలు మిగిలాయి: బోంజూర్, మెర్సీ, సిల్ వూ ప్లే, నాలుగోది తిట్టు. మొదటి మూడూ వరసగా వాడేసి, పంపు వైపు, కార్డు వైపు, నా మొహం వైపు చూపించింది. ఆ పిల్లకి అర్థమైపోయింది. తన కార్డు పెట్టి, మా కార్లో తనే పోసింది, 20 యూరోలకి 12 లీటర్లకి కాస్త తక్కువ వచ్చింది. నోటు ఇస్తే తీసుకుంది, పైన ఇంకో 10 ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది. వెళ్తూ వెళ్తూ వ్యాను ముందు పెట్టుకున్న గుత్తిలోంచి ఒక రెమ్మ తీసి మా ఆవిడకి ఇచ్చింది, తెల్లగా చిన్న చిన్న గంటల్లా పూలు. మ్యూగే అంటారు, మే 1న ఒకరికొకరు ఇచ్చుకుంటారు. మా ఆవిడ వాసన చూస్తుంటే కంగారుగా నోటి దగ్గర వేలు అడ్డంగా ఊపింది, తినొద్దని. విషమట. ఇంత ఆకలి మొహాలేసుకుని కనపడ్డామా అని ఇప్పటికీ మాలో మాకు డౌటే.

రెమ్మకి 13 గంట పూలుంటే మరీ అదృష్టం అంటారట, రాత్రి గదిలో లెక్కపెడితే 11 వచ్చాయి. నీళ్ళ సీసాలో వేసి కప్ హోల్డర్‌లో పెట్టింది, ఆర్ల్ చేరేదాకా ఉంది, తర్వాత వాడిపోయింది.

వైఫైలో యాప్ తెరిస్తే అసలు గుట్టు తెలిసింది. మనిషి లేని పంపు మనం ఎంత పోయించుకుంటామో ముందుగా అడగదు, కార్డు మీద ఒక పెద్ద మొత్తం బ్లాక్ చేస్తుంది, నాకు 150 యూరోలు అడిగింది, అంటే 14 వేలు దాటి. నేను బయల్దేరే ముందు తెలివిగా విదేశీ వాడకం లిమిట్ 10 వేలకి తగ్గించి పెట్టుకున్నా, ఫోరెక్స్ కార్డులో మిగిలింది 90 యూరోలు. అన్నాళ్ళూ లోపల కౌంటర్లో కట్టేవాణ్ణి కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు. సరే తప్పు నాదే అనుకుందాం, కానీ "వద్దు" అనే బదులు ఎందుకు వద్దో ఒక ముక్క చూపిస్తే ఆ మిషన్ సొమ్మేం పోయింది? లిమిట్ పెంచాక అలాంటి పంపులే నాలుగుసార్లు వాడా, చక్కగా పనిచేశాయి. ఒకసారి మాత్రం 52 యూరోలకి పోయించుకుంటే మిగతా డబ్బు విడుదలవడానికి ఆరు రోజులు పట్టింది.

మిగతా ట్రిప్పు బాగానే జరిగింది. మియో వంతెన మీంచి వెళ్ళాం, స్తంభం కొసతో కలిపి 343 మీటర్లు, ఈఫిల్ టవర్ కంటే ఎత్తు, అయినా పైన వెళ్తున్నప్పుడు మామూలు రోడ్డులాగే ఉంటుంది. ప్రొవాన్స్‌లో లావెండర్ చూడాలని మా ఆవిడ ఎన్నేళ్ళ నుంచో అనుకుంటోంది, తీరా మే మొదట్లో వెళ్తే బూడిద రంగు పొదలు వరసగా ఉన్నాయి, పూత జూన్ మధ్య నుంచి అట. ఆ తిట్టు ముక్క అక్కడ వాడింది. దానికి బదులు చేల గట్ల మీద గసగసాల జాతి ఎర్రపూలు బోలెడు, అవి కూడా నేను రాత్రి ఆవిడ ఫోన్లోనే చూశా, నా కళ్ళు రోడ్డు మీదే కదా.

కాబట్టి కారు తీసుకోవాలా అంటే, మాలాగా ఊళ్ళల్లో వంటిల్లున్న ఇళ్ళు తీసుకుని, అన్నం వండుకుని, మధ్యాహ్నం రెండు దాటితే హోటళ్ళు వంట కట్టేస్తాయి కాబట్టి డిక్కీలో పులిహోర పెట్టుకుని తిరిగేవాళ్ళకి కారే బెటర్, నాకు మోకాలి నొప్పి, సూట్‌కేసులు స్టేషన్ మెట్లెక్కించడం నా వల్ల కాదు. ఇద్దరిలో ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే ఇంకా బెటర్. పారిస్, లియోన్, నీస్ మాత్రమే చూసేవాళ్ళకి దండగ, పారిస్ నుంచి లియోన్‌కి ట్రైన్లో రెండు గంటలే. గ్రూపులో ఆ పాత మెసేజ్ డిలీట్ చేద్దామంటే టైమ్ దాటిపోయింది, మా బావమరిది ఆల్రెడీ కారు బుక్ చేసుకున్నాడు, మే నెలకే. ఫోన్ చేసి కార్డు సంగతి చెప్పా. నా లిమిట్ మాత్రం ఇప్పటికీ 2 లక్షల మీదే ఉంది, తగ్గించాలి.