షాన్సీ పెళ్లి బీరువా: బీజింగ్ ఫ్లాట్‌లో ఏళ్లపాటు వాడాక

బట్టలు హ్యాంగర్లకు తగిలించుకునే అలవాటున్నవాళ్లు దీని జోలికి పోకండి. చైనాలో చింగ్ రాజుల కాలంలో బట్టలు మడతపెట్టి దాచుకునేవారు. అందుకే లోపల రాడ్డు ఉండదు, లోతూ చాలదు. మా ఇంట్లో ఇది పట్టుచీరల బీరువాగా స్థిరపడింది. ఆ పనికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు.

బీజింగ్‌లో గావ్‌బేదియన్ అనే చోట పాత ఫర్నిచర్ షాపుల వీధి ఉంది, అక్కడే కొన్నాం. షాన్సీ ప్రావిన్స్ నుంచి వచ్చిన ఎల్మ్ చెక్క. ఎర్ర లాకరు పూత మీద బంగారు గీతలతో ఆడుకుంటున్న పిల్లలు, పియనీ పూలు. పెళ్లికూతురితో సారెగా పంపేవి కాబట్టి బొమ్మలన్నీ సంతానం, సంపద చుట్టూనే. నడుమ గుండ్రటి ఇత్తడి బిళ్ల.

పనితనం గురించి చెప్పాలంటే, అసలు చట్రంలో మేకు లేదు. ఒక చెక్క కొస మరో చెక్క బెజ్జంలో బిగుసుకుని కూర్చుంటుంది. తలుపులకు బందులు లేవు, చెక్క మొనల మీదే తిరుగుతాయి, ఎత్తితే ఊడివస్తాయి. రెండు తలుపుల మధ్య నిలువు కమ్మీ కూడా తీసేయొచ్చు. తీయకపోతే వెడల్పాటి వస్తువేదీ లోపలికి పోదు, తీసిన ప్రతిసారీ దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోవాలి. రోజూ తెరిచేవాళ్లకు విసుగే. తలుపుల కింద బయటికి కనిపించని అర ఉంది, అదొక సరదా.

అసలు టెన్షన్ చలికాలంలో. బీజింగ్‌లో నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా ప్రభుత్వ హీటింగ్ నడుస్తుంది, ఇంట్లో గాలి ఎండిపోతుంది. తలుపు పలకలు కుంచించుకుపోయి, అంచున రంగు తగలని పచ్చి చెక్క సన్నటి గీతలా బయటపడింది. మొదటిసారి చూసి పగిలిందనుకున్నాం. కాదు, పలకను జిగురుతో అంటించకుండా చట్రం గాడిలో వదులుగా పెట్టింది అది కదలడానికే. జులై వానలకు మళ్లీ ఉబ్బి గీత మాయమైంది, తలుపులు కాస్త పట్టేశాయి. నిజమైన నష్టం చట్రం అతుకుల మీద రంగుకే, అక్కడ సన్నటి పగుళ్లు వచ్చాయి. హీటరుకు దూరంగా జరిపి, హ్యూమిడిఫయర్ పెట్టాక కొత్తవి రాలేదు.

ఈ లాకరు మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క లాంటిది కాదు. లక్క పురుగు నుంచి వస్తుంది, వేడికి మెత్తబడుతుంది. ఇది చెట్టు పాలు, గాలిలో తేమ తగిలితేనే గట్టిపడుతుంది, గట్టిపడ్డాక వేడికి ఓ పట్టాన లొంగదు. ఆ చెట్టు మన జీడి కుటుంబందే. పచ్చిపాలు తగిలితే జీడి రసం తగిలినట్టే ఒళ్లు పొక్కుతుంది. ఎండిన బీరువాతో ఆ భయం లేదు. ఎండ మాత్రం దీనికి శత్రువు, కిటికీ ఎదురుగా పెట్టొద్దు. తడిగుడ్డ, స్ప్రే పాలిష్ వద్దు. బంగారు గీతలు ముందు పోయేది తుడుపుకే. పొడి మెత్తటి కుంచె చాలు. పాత ఎర్రరంగులో ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న ఖనిజం, ఉండొచ్చు. సీసమూ ఉండొచ్చు. గరుకు కాగితంతో రుద్దించకండి. పసిపిల్లలుంటే వాళ్ల గదిలో వద్దు.

కొనేటప్పుడు ముందువైపు కాదు, వెనకవైపు చూడండి. సొరుగులు బయటికి లాగి అడుగు చూడండి. చేతులు తగిలే ఇత్తడి బిళ్ల చుట్టూ రంగు అరిగి, చేతులు తగలని మూలల్లో నిలిచి ఉంటే నమ్మొచ్చు. అంతటా ఒకేలా అరిగి ఉంటే, ఎవరో కూర్చుని అరగదీశారన్నమాటే. పాత చెక్కకు కొత్త బొమ్మలు వేసినవి బోలెడు. కింద సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు ఇంకా తింటోంది, వదిలేయండి. తళతళలాడేదాని కన్నా మాసినదే నాకు నచ్చుతుంది.

ఇండియాకు పట్టుకెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. 2007 నుంచి అమల్లో ఉన్న చైనా నిబంధనల ప్రకారం 1911కి ముందు నాటి పాత కళావస్తువుల్ని దేశం దాటించకూడదు. మా షాపువాడు మాత్రం "రెండొందల ఏళ్ల నాటిది" అన్నాడు, అదే ఊపులో "హైదరాబాద్‌కు పంపిస్తా, ఏం ఇబ్బంది లేదు" అనీ అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. బిల్లు మీద ఏ కాలం నాటిదో రాయించుకుని, పంపే సంగతి డబ్బు కట్టకముందే తేల్చుకోండి.