పులి–మేక ఆట తూకం: ఒంటరిగా ఆడి పరీక్షించిన రెండు పలకలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ముపని చేసేవారి దగ్గర చేయించుకున్న పులి–మేక కాయలను, వడ్రంగి చేత గీతలు చెక్కించిన టేకు పలకను నేను కొన్నేళ్ళుగా వాడుతున్నాను. తరువాత ఆన్‌లైన్‌లో ఒక అచ్చు గుడ్డ పలకను కూడా తెప్పించుకున్నాను. ఈ రెండింటి మీదా నేను ఎక్కువగా ఆడింది ఒంటరి ఆటే. కుడిచేత్తో పులులను, ఎడమచేత్తో మేకలను కదుపుతూ, ప్రతి ఎత్తునూ నోటుపుస్తకంలో రాసుకుంటూ, ఏ నియమం ఎవరి వైపు మొగ్గుతోందో చూడడమే నా పని. అందువల్ల ఈ సమీక్ష పలకల నాణ్యత గురించి ఎంత చెబుతుందో, ఒంటరి ఆటను తూకపురాయిగా ఎంతవరకు నమ్మవచ్చో కూడా అంతే చెబుతుంది.

ముందుగా పలక సంగతి. మా వైపు, అంటే గజపతి జిల్లాలోనూ సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నంలోనూ, తెలుగువాళ్ళ ఇళ్ళలో గీసే పటంలో ఇరవై మూడు స్థానాలు ఉంటాయి. పైన ఒక కొన, దాని నుంచి కిందికి విచ్చుకునే నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోసే మూడు వరుసలు, అట్టడుగున నాలుగు స్థానాల పాదం. ఒక్కొక్క అడ్డవరుస ఇరుపక్కలా త్రికోణం బయటికి పొడుచుకు వస్తుంది, ఆ చివరలను ఇరువైపులా నిలువు గీతలు కలుపుతాయి. పులులు మూడు, మేకలు పదిహేను. మా ఇంటి పద్ధతిలో ఒక పులి కొన మీద, మిగిలిన రెండు మొదటి వరుస నడిమి స్థానాల్లో ఉండగా ఆట మొదలవుతుంది. మేకలవాడు ఒక్కొక్క మేకనే పెడతాడు, పెట్టిన ప్రతిసారీ పులులవాడు ఒక ఎత్తు వేస్తాడు. పదిహేను మేకలూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి పక్కనున్న మేక మీదుగా సూటిగా అవతలి ఖాళీ స్థానంలోకి దూకితే ఆ మేక పోయినట్టే. ఎన్ని మేకలు పోతే పులులు గెలిచినట్టన్నది ఊరికో లెక్క. మేము ఆరు అంటాము. పులులు మూడూ ఎటూ కదలలేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

ఒంటరిగా ఆడడం వల్ల నాకు కలిగిన మొదటి లాభం ఈ పటాన్ని లెక్కగా చదవడం అలవాటు కావడం. ఎదుట మనిషి ఉంటే ఎత్తు కోసం తొందరపెడతాడు, పలక ఎవరినీ తొందరపెట్టదు. ఇరవై మూడు స్థానాలలో ఏడింటిలో నిలిచిన మేకను ఏ పులీ కొట్టలేదు. కొన, అడ్డవరుసలలో పైదానికీ కిందిదానికీ ఉన్న నాలుగు చివరలు, పాదం రెండు మూలలు. వీటి గుండా సూటిగా సాగే గీత లేదు గనుక దూకడానికి అవతలి స్థానమే ఉండదు. కొన మీద మొదట పులి కూర్చుని ఉంటుంది కనుక మేకలవాడికి ఆరు దాపులు సిద్ధంగా ఉన్నట్టు లెక్క. మొదటి ఆరు మేకలను ఏ మాత్రం ఆలోచన లేకుండా పెట్టినా నష్టం లేదు. ఆట తేలేది ఆ తరువాతే. నా పుస్తకంలో ఓడిపోయిన మేకల ఆటలను వెనక్కి తిప్పి చూస్తే, తెగిన చోటు దాదాపు ఎప్పుడూ ఎనిమిదో మేకకూ పన్నెండో మేకకూ మధ్యనే కనిపిస్తుంది. అప్పటికి దాపులు నిండిపోయి, వెనుక అండ లేని మేకను నడిమిలో పెట్టక తప్పదు.

పులిని కట్టేయడానికి ఎన్ని మేకలు కావాలన్నది కూడా స్థానాన్ని బట్టి మారుతుంది. కొన మీది పులిని కట్టాలంటే కింద నాలుగు, వాటి వెనుక దూకుడుకు అడ్డంగా మరో నాలుగు, మొత్తం ఎనిమిది మేకలు కావాలి. అదే పులి మొదటి వరుస చివరకు వెళ్ళిందంటే నాలుగు మేకలు చాలు. ఎడమపక్క పై చివరలో ఒక పులి, కింది చివరలో ఇంకొకటి ఉంటే అవి ఒకదానికొకటి అడ్డమవుతాయి గనుక రెండింటికీ కలిపి ఐదు మేకలే సరిపోతాయి. మూడో పులి పాదం ఎడమ మూలలో చిక్కినప్పుడు ఇంకో మూడు మేకలు చేరితే ఆట ముగుస్తుంది. అంటే ఎనిమిది మేకలతోనే మూడు పులులనూ కట్టేయగల అమరిక ఒకటి ఉంది. ఆరు మేకలు పోయినా తొమ్మిది మిగులుతాయి, కాబట్టి ఆరు దగ్గర ఆట ఆపడం లెక్క ప్రకారం తప్పనిసరి కాదు. కానీ అలా చిన్న మందతో పులులను మూలకు తోలగలిగే ఆటగాడు అరుదు కనుక ఆరు అన్న హద్దు అనుభవంలో సరైనదే.

ఇక అచ్చు పలక. గుడ్డ మంచిది, మడత గీతలు పడవు, ఉతికితే రంగు పోలేదు. ఆ మేరకు ఫిర్యాదు లేదు. కానీ దాని మీద ఆడిన ఆటల్లో మేకలు విడ్డూరంగా గెలవడం మొదలుపెట్టాయి. పులులను ఎంత జాగ్రత్తగా నడిపినా పక్కలకు వెళ్ళిన పులి మళ్ళీ బయటికి రావడం లేదు. టేకు పలకనూ గుడ్డనూ పక్కపక్కన పెట్టి గీత గీతా పోల్చాను. వరుసల చివరలను కలిపే నిలువు గీతలు రెండూ అచ్చులో లేవు. చూడడానికి చిన్న లోపమే, కానీ దానితో ఆట స్వభావమే మారిపోతుంది. నిలువు గీత ఉన్నప్పుడు రెండో వరుస చివరనున్న మేకను పైనుంచి కిందికి దూకి కొట్టవచ్చు, గీత లేకపోతే అది కూడా దాపే. దాపులు ఏడు కావలసిన చోట తొమ్మిది అవుతాయి. వరుస చివరకు వెళ్ళిన పులికి ఒకే దారి మిగులుతుంది, దాన్ని కట్టడానికి నాలుగు మేకలకు బదులు రెండే చాలు. అమ్మినవారికి రాస్తే పటం సంప్రదాయానుసారమేనని మర్యాదగా జవాబు వచ్చింది. ఇప్పుడు నల్లదారంతో నేనే ఆ రెండు గీతలనూ కుట్టి వాడుతున్నాను, తేడా వెంటనే తెలిసింది. ఈ పలకను కొనేవారు ముందు ఆ గీతల కోసం చూడాలి.

ఇద్దరు మనుషులు ఆడి ఉంటే ఈ లోపం బయటపడేదా అని ఆలోచించాను. నా అంచనాలో పడేది కాదు. ఓడిపోయినవాడు తన పొరపాటే అనుకుంటాడు, గెలిచినవాడు తన తెలివే అనుకుంటాడు. రెండు చేతులూ ఒక మనిషివే అయినప్పుడు ఆ సాకు ఉండదు కాబట్టి చూపు పలక మీదికి పోతుంది. గీతలు, కాయల సంఖ్య, ఎత్తుల వరుస వంటివాటి తూకం తెలుసుకోవడానికి ఒంటరి ఆటను మించిన పద్ధతి నాకు కనపడలేదు.

నియమాల మార్పుల విషయంలోనూ ఇది బాగా పనికివచ్చింది. పులి ఒకే ఎత్తులో వరుసగా రెండు మూడు మేకలను కొట్టవచ్చునని కొందరు ఆడతారు. అలా ఆడితే పదిహేను మేకలకూ దిక్కు ఉండదు, ఆ నియమం మీద ఎక్కువ కాలం గడపనక్కరలేదని త్వరలోనే తేలింది. దీనికి ఎదురు మొగ్గేది మరో నియమం: కొట్టే అవకాశం ఉంటే పులి కొట్టి తీరాలి. అప్పుడు మేకలవాడు ఒక మేకను ఎరగా పెట్టి పులిని వరుస చివరకు రప్పించి, నాలుగు మేకలతో తలుపు మూసేస్తాడు. ఈ నియమంతో ఆట అందంగానే ఉంటుంది గాని పులులకు ఊపిరి ఆడదు. కొట్టడం పులి ఇష్టానికి వదలడమే సరైన తూకమని నా నిర్ణయం.

మేకలన్నీ దిగాక ఒక్కటీ పోకుండా ఉంటే పలక మీద ఐదు ఖాళీలు మిగులుతాయి. నేపాల్‌లోని ఇలాంటి పులి–మేక ఆట బాఘ్ చాల్‌లో ఇరవై ఐదు స్థానాలు, నాలుగు పులులు, ఇరవై మేకలు. అక్కడ ఇదే లెక్క చేస్తే మిగిలే ఖాళీ ఒకటే. ఆ ఆటను లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటరుతో శోధించి, ఇరువైపులా లోపం లేకుండా ఆడితే అది డ్రా అని తేల్చారు. ఐదు ఖాళీలున్న మన ఆటలో మేకలవాడి కష్టం వేరు. కట్టు బిగిసే సమయానికి తన వంతు వస్తే ఏదో ఒక మేకను కదపక తప్పదు, కదిపితే కట్టు విడిపోతుంది. అందుకని కట్టులో భాగం కాని ఒక మేకను దూరంగా, ముందుకూ వెనక్కూ తిరగగలిగే చోట ఉంచుకోవాలి. ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. ఒకే చివరి అమరికను రెండు వైపుల నుంచీ మళ్ళీ మళ్ళీ ఆడినప్పుడు దానంతట అదే కనిపించింది.

అయితే ఒంటరి ఆట చెప్పే ఫలితాన్ని మనుషుల ఆటకు అంటగట్టడం ప్రమాదం. నా పుస్తకంలో మేకలదే పైచేయి, పాతపట్నం నుంచి వచ్చే మా బావమరిదితో ఆడితే పులులదే. కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు. ఒంటరి ఆటలో వల పన్నే చేతికీ, వలలో పడవలసిన చేతికీ తల ఒక్కటే. పులి వల పన్నుతోందని మేకకు ముందే తెలిసిపోతుంది, మేకల దీర్ఘమైన ప్రణాళికకు మాత్రం ఎవరూ అడ్డుపడరు. మా బావమరిది మేకలు పట్టినప్పుడు తొమ్మిదో మేకను పెట్టేటప్పటికి విసుగు చెందుతాడు, పులి సరిగ్గా ఆ విసుగు మీదే బతుకుతుంది. ఆ విసుగును నా రెండు చేతుల మధ్య సృష్టించడం కుదరదు.

ఈ లోపాన్ని కొంత తగ్గించడానికి నేను పాటించే కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. పులులు ఆడిన పూట మేకలు ఆడను. అమరికను పుస్తకంలో రాసి, మరునాడు పలకను తిప్పి పెట్టుకుని అవతలి ఎత్తు వేస్తాను. సమానంగా తోచిన ఎత్తులు రెండు మూడు ఉంటే పాచిక వేసి ఒకటి ఎంచుకుంటాను. మరికొన్ని ఆటల్లో పులులకు ఆలోచనే ఇవ్వను: కొట్టగలిగితే కొట్టాలి, లేకపోతే ఎక్కువ దారులున్న స్థానానికి పోవాలి, అంతే. మొద్దు పులి మీద కూడా మేకలు గెలవలేకపోతే తప్పు నియమానిదే. మూడోసారి అదే అమరిక వస్తే డ్రాగా రాసుకుంటాను, లేకపోతే ఒంటరి ఆటకు అంతు ఉండదు.

పోలిక కోసం, ఊళ్ళు కట్టుకుంటూ గొర్రెలు, కలప వంటి సరుకులను బేరమాడి మార్చుకునే కటాన్ అనే పలక ఆటను కూడా నలుగురి తరఫునా నేనే ఆడి చూశాను. క్లౌస్ టాయ్‌బర్ రూపొందించిన ఈ ఆట 1995లో వచ్చింది. మొదటి ఊళ్ళ ఎంపికను, పాచికల లెక్కను ఒంటరిగా బాగానే పరీక్షించవచ్చు: రెండు పాచికల మీద ముప్పై ఆరింటిలో ఏడు అనే అంకె ఆరుసార్లు, ఆరు, ఎనిమిది అంకెలు ఐదేసిసార్లు పడే వీలుంది. కానీ ఆట ప్రాణమంతా బేరంలో ఉంది. తనతో తాను బేరమాడేవాడికి గొర్రెల ధర ఎప్పటికీ తెలియదు. దాచిన కార్డులు, ఒప్పందాలు ఉన్న ఏ ఆటకూ ఈ పద్ధతి పనికిరాదని నా అభిప్రాయం. అన్నీ కళ్ళెదుట ఉండే చదరంగం, నలుపు తెలుపు కాయలతో ఆడే తూర్పు ఆసియా పలక ఆట గో, పులి–మేక వంటివాటికే ఇది తగినది.

గో ఆటలో నల్లకాయలు ముందుగా ఆడతాయి, ఆ లాభానికి బదులుగా తెల్లకాయలవాడికి కొన్ని పాయింట్లు కలుపుతారు. జపాన్‌లో ఆ పరిహారాన్ని 2002లో ఐదున్నర నుంచి ఆరున్నరకు పెంచారు. పులి–మేకకు అలాంటి సర్దుబాటు కావాలంటే మేకల సంఖ్య కంటే పోయిన మేకల హద్దును కదపడం మేలు. మేకను ఒకటి పెంచితే ఖాళీలు నాలుగుకు తగ్గి పులులు అవస్థ పడతాయి. హద్దును ఐదుకో ఏడుకో మారిస్తే మొగ్గు మెల్లగా మారుతుంది. కొత్తవాళ్ళు మేకలు పట్టినప్పుడు మా ఇంట్లో ఇప్పుడు ఏడు అంటున్నాము.

కాయల గురించి కొద్దిగా. కొమ్ముతో చేసిన మేకలు బిళ్ళల్లా పలుచగా, పులులు వేలెడు ఎత్తున ఉన్నాయి. పట్టుకోవడానికి హాయిగా ఉంటాయి గాని నున్నటి టేకు మీద జారుతాయి. గుడ్డ మీద ఆ ఇబ్బంది లేదు. అప్పుడప్పుడు కొబ్బరినూనె అద్ది తుడిస్తే మెరుపు నిలుస్తుంది. ఇంత ఖర్చు పెట్టనక్కరలేదనుకునేవారికి సుద్దగీతల మీద చింతగింజలతోనూ ఇదే పరీక్ష జరుగుతుంది, గీతలు అన్నీ ఉంటే చాలు. నేను మాత్రం టేకు పలకనే ఉంచుకుంటాను. గుడ్డ పలక రైలు ప్రయాణాలకు.