విండోస్ మార్చేముందు క్లోన్‌జిల్లా: ఏళ్లుగా వాడాక నా మాట

నెల్లూరులో పెళ్లిపత్రికలు, ఆల్బమ్‌లు డిజైన్ చేసే నా పని అంతా ఒక్క అసెంబుల్డ్ సిస్టమ్ మీదే నడుస్తుంది. కంపెనీ కంప్యూటర్లకైతే సాధారణంగా డిస్కులోనే రికవరీ భాగం ఇచ్చి పంపుతారు. విడిభాగాలు కొని బిగించుకున్న సిస్టమ్‌కు అటువంటి వసతి ఉండదు. పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, రంగుల సెట్టింగులు ముహూర్తాల రోజుల్లో మళ్లీ మొదటినుంచి కూర్చుకోవడం కుదిరే పని కాదు. అందుకే ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదు, డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే విండోస్‌తో సహా ఉన్నది ఉన్నట్టు కాపీగా, తీసిపెట్టుకోవాలి. ఆ పనికి నేను నమ్మింది క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌ను.

ఇది ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది కాబట్టి విండోస్ నడవని సమయంలోనే డిస్కును చదువుతుంది. ఖాళీ స్థలాన్ని వదిలేసి, నిండిన భాగాన్నే కుదించి ఎక్స్‌టర్నల్ డ్రైవులో దాస్తుంది. ఇమేజ్ తిరిగి ఎక్కేలా ఉందో లేదో పరీక్షించమంటారా అని కూడా అడుగుతుంది. ఆలస్యమైనా సరే, తప్పకుండా సరే అనండి. మొదలుపెట్టేముందు షిఫ్ట్ నొక్కి ఉంచి షట్‌డౌన్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి విండోస్ పూర్తిగా ఆగకుండా ఉండే ఏర్పాటు) వల్ల విండోస్ సగం ఆగి ఉంటే క్లోన్‌జిల్లా ఆ భాగాన్ని తీసుకోదు. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ ఇచ్చే తాళం లాంటి రక్షణ) వేసి ఉంటే ఖాళీ స్థలంతో సహా అంతా కాపీ చేస్తుంది, ఇమేజ్ చాలా పెద్దదవుతుంది.

విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (సిస్టమ్‌లోని భద్రతా ఏర్పాటు), యూఈఎఫ్‌ఐ (బూట్ అయ్యే కొత్త పద్ధతి) కావాలి. నా డిస్కు భాగాల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండేది. దాన్ని కొత్తదైన జీపీటీ పద్ధతికి మార్చి, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల పేజీల్లో) లెగసీ అనే పాత బూట్ పద్ధతి తీసేసి, టీపీఎం ఆన్ చేయాలి. అన్నిటికన్నా ప్రమాదమైన ఘట్టం ఇదే, ఇమేజ్ దీనికి ముందే తీయాలి. అప్‌గ్రేడ్ అయ్యాక నా పాత ప్రింటర్ డ్రైవర్ మొరాయించింది. వెనక్కి వెళ్లడానికి విండోస్ తనంతట తాను ఇచ్చే 10 రోజుల గడువు అప్పటికే దాటిపోయింది. ఇమేజ్ ఎక్కించాను, ఫాంట్లతో సహా ఉన్నది ఉన్నట్టు తిరిగి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. బయోస్ సెట్టింగులు ఇమేజ్‌లో ఉండవు. ఎంబీఆర్ ఇమేజ్ ఎక్కించాక లెగసీకి మార్చకపోతే సిస్టమ్ బూట్ కాదు. ముందే ఆ బయోస్ పేజీలన్నీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి నాకు తడుముకునే పని పడలేదు.

నచ్చనిది దీని తెర. మౌసు పనిచేయదు, అంతా అక్షరాల మెనూ. డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని చూపిస్తుంది. రిస్టోర్ చేసేటప్పుడు తప్పు డిస్కును ఎంచుకుంటే దానిమీద ఉన్నదంతా పోతుంది. పక్కనే కనిపించే మోడల్, సైజు చదివి తీరాలి. అవసరం లేని డ్రైవుల కేబుళ్లు పీకేయడం ఇంకా మంచిది. అసలు డిస్కు కన్నా చిన్న డిస్కులోకి మామూలుగా ఎక్కించదు, కొత్త ఎస్‌ఎస్‌డీ కొనేవారు ఇది చూసుకోవాలి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు.

ఇమేజ్ రెండో కాపీ ఒంగోలులో మా అక్క ఇంట్లో ఉంటుంది. 2021 నవంబరు వరదలో మా నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. డ్రైవులన్నీ ఒకే ఇంట్లో పెట్టడం అప్పటినుంచి నాకు సమ్మతం కాదు.

అక్షరాల మెనూ అంటే బెదిరేవారు ఇలాంటిదే అయిన రెస్క్యూజిల్లా సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. అది మౌసుతో నడుస్తుంది, క్లోన్‌జిల్లా తీసిన ఇమేజ్‌లను కూడా చదువుతుంది. ఒక్క పత్రిక ఫైలు మాత్రమే కావలసి వచ్చినప్పుడు నేనూ దానితోనే ఇమేజ్ తెరిచి తీసుకుంటాను.