వ ఒత్తు లేని అచ్చాఫీసు

గుంటూరు నుంచి విజయవాడ ఎంత దూరం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు అనుకున్నాను. ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. అచ్చాఫీసుకి వెళ్తూ జిరాక్స్ షాపుకి వెళ్తున్నట్టు వెళ్లడం నా తప్పే.

మా ఇంట్లో పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు మళ్లీ తేరు. అందుకని లోపలి అట్ట మీద అంటించడానికి 100 చీటీలు కావాలి, అవీ సీసం అక్షరాలు పేర్చి వేసే పాత అచ్చుతోనే. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆటో దిగి నడవడం మేలు. ఆ సందుల్లో సరుకు దింపే బండ్ల మధ్య ఆటో ఇరుక్కుంటే గంట పోయినట్టే.

అచ్చాఫీసు ముందు గది స్టేషనరీ. ఎర్ర బట్ట అట్టల చిట్టా, ఆవర్జా లెక్కల పుస్తకాలు, ఫైలు ట్యాగులు, లక్క, కార్బన్ పేపర్లు. పుస్తకం కుట్టు గట్టిగా ఉంది, ధర కూడా న్యాయం. పెన్నులు మాత్రం మీ వీధి చివర కొట్లో కొనుక్కోండి.

వెనక గదిలో ట్రెడిల్ మిషను. పూర్వం కాలితో తొక్కేవారు, ఇప్పుడు మోటారు బిగించారు. పక్కన గళ్ల పెట్టెల నిండా సీసం, తగరం, అంటిమొని కలిపి పోసిన అక్షరాలు. కంపోజిటర్ గారు పెట్టె వైపు చూడకుండానే ఒక్కో అక్షరం ఏరి, చేత్తో పట్టుకునే స్టిక్కు అనే చిన్న పట్టీలో వరసగా పేరుస్తారు. అన్నీ తిరగేసిన అక్షరాలే, ఆయన మనం పేపరు చదివినట్టు చదివేస్తారు. ఇంగ్లీషుకి రెండు పెట్టెలతో సరిపోతుంది. మనకి గుణింతాలు, ఒత్తులు కలిపి గోడంతా పెట్టెలే.

నేను రాసిచ్చింది "చదివి, మరువక తిరిగి ఇవ్వగలరు" అని. ఆయన కాసేపు వెతికి, "అమ్మా, ఈ సైజులో వ ఒత్తులు అరిగిపోయాయి. 'పంపగలరు' అని పెట్టనా? దానికి ఒత్తు అక్కర్లేదు" అన్నారు.

"సరే బాబాయ్ గారూ" అన్నాను. ఇంతలో బిల్లు పుస్తకాల పని అడ్డొచ్చింది. నంబర్లు వేయడం, చింపడానికి చిల్లుల గీత కొట్టడం, శుభలేఖలకి మడత గీత వేయడం, ఇప్పుడు మిషనుకి తిండి పెట్టేది ఇవే. నా చీటీలు రేపన్నారు.

స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. వేడినీళ్లు 24 గంటలూ అన్నారు, తీరా పొద్దున 6 నుంచి 8 వరకేనట. దుప్పటి వాసన సంగతి వదిలేయండి. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ తిన్నాక ఆ కోపం కొంత తగ్గింది.

మర్నాడు చీటీలు వచ్చాయి. వేలితో తడిమితే అక్షరం గుంట తెలుస్తుంది. రెండుచోట్ల సిరా పలచబడింది, అయినా తిరిగి వేయించలేదు. ఒక్కపూట పని కావాలంటే అక్కడికి వెళ్లకండి. రెండు రోజులు చేతిలో ఉంటే వెళ్లండి.

మొదటి చీటీ అంటించిన పుస్తకాన్ని మా వదిన పట్టుకెళ్లింది. మొన్న ఫోన్ చేసి అడిగితే, "పంపమని రాశావుగా, కొరియర్ డబ్బులు నువ్వే పంపు" అంది.