పెళ్ళికి ముందు హెచ్ఐవీ టెస్ట్ - మా పెద్దాసుపత్రి ఐసీటీసీ ఎలా ఉందంటే

హోటల్లో సాంబారు పల్చగా ఉందని పేజీలకి పేజీలు రాస్తాం గానీ హెచ్ఐవీ టెస్ట్ ఎక్కడ చేయించుకుంటే బావుంటుందో ఎవ్వరూ రాయరు, అందుకే ఇది. ఐసీటీసీ అంటే గవర్నమెంట్ ఆసుపత్రిలో కౌన్సిలింగ్ ఇచ్చి హెచ్ఐవీ టెస్ట్ చేసే సెంటర్. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

నాకు పెళ్ళి కుదిరింది. జాతకాలు చూశారు, గోత్రాలు చూశారు, అబ్బాయి పేస్లిప్ కూడా చూశారు, రక్తం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మేమిద్దరం మాట్లాడుకుని చేయించుకుందాం అనుకున్నాం, ఇంట్లో చెప్పలేదు, చెప్తే "మావాడి మీద అనుమానమా" అని వాళ్ళు, "మా పిల్ల మీదా" అని వీళ్ళు మొదలుపెడతారు, ఆ గోల మాకెందుకు.

ముందు ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి వెళ్ళాం (పేరొద్దులెండి). పెళ్ళికి ముందు చేయించుకునే ప్యాకేజీ అన్నారు, డబ్బులు బాగానే తీసుకున్నారు. కౌంటర్లో అమ్మాయి బిల్లు కొడుతూ "హెచ్ఐవీ ఎవరికండీ, ఇద్దరికీనా" అని హాలంతా వినపడేలా అడిగింది. సాయంత్రానికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది, అందులో నాన్ రియాక్టివ్ (నెగటివ్ అనే అర్థమట, అప్పుడు తెలీదు) అని రాసి పక్కన ఏదో నంబరు. దానర్థం ఏంటండీ అని ఫోన్ చేస్తే మీ డాక్టర్‌ని అడగండి అన్నారు. మాకు డాక్టర్ ఎవరున్నారు? మా ఫ్రెండ్ ఒకమ్మాయి నర్సుగా చేస్తోంది, తనే చెప్పింది, గవర్నమెంట్ ఐసీటీసీకి వెళ్ళండే, కూర్చోబెట్టి చెప్తారు అని.

నా భయమల్లా అక్కడ తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని. చున్నీ మొహానికి కట్టుకుని మరీ వెళ్ళా. తీరా చూస్తే లైన్లో సగంమంది కడుపుతో ఉన్నవాళ్ళు, చేతిలో కార్డులు పట్టుకుని అత్తగార్లతో సహా వచ్చారు, ఎందుకంటే గర్భిణులందరికీ ఈ టెస్ట్ రాస్తారు, తల్లికి ఉంటే బిడ్డకి రాకుండా మందులతో ఆపొచ్చు కాబట్టి. టీబీ వాళ్ళని కూడా ఇక్కడికే పంపుతారు. ఇక ఎవరు ఎందుకొచ్చారో ఎవరికి తెలుస్తుంది, చున్నీ తీసేశా, ఉక్క కూడా అలానే ఉంది.

ఓపీ చీటీ తీసుకుని వెళ్తే కౌన్సిలర్ మేడమ్ ఇద్దరినీ విడివిడిగా పిలిచింది. మాకు ఇదే బాగా నచ్చింది. ఎవరితోనైనా సంబంధం ఉందా, కండోమ్ వాడారా, ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, సూదులేమైనా పంచుకున్నారా అని అడిగింది, కానీ రేషన్ కార్డు వివరాలు రాసుకున్నట్టు మామూలుగా అడిగింది, మొహంలో ఏ మార్పూ లేదు. నేను దోమలు, సెలూన్ బ్లేడు అన్నీ అడిగేశా. దోమలతో రాదమ్మా, కలిసి తింటే రాదు, ఒకే బాత్రూం వాడితే రాదు, బ్లేడు మాత్రం ఎలాగూ ప్రతి మనిషికీ కొత్తది అడిగి వేయించుకోవాలి అంది. తర్వాత సంతకం పెట్టించుకుని అప్పుడు రక్తం తీశారు. మన ఒప్పుకోలు లేకుండా ఈ టెస్ట్ చేయకూడదంట, 2017లో చట్టమే వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, ఉద్యోగం ఇవ్వాలంటే ఈ టెస్ట్ చేయించుకు రా అని కంపెనీ వాళ్ళు అడగడం కూడా దాని ప్రకారం తప్పే. ఇది నాకు నిజంగా తెలీదు, మా ఆఫీసులో హెచ్ఆర్‌కి తెలుసో లేదో.

రిజల్ట్ గంటలోపే వచ్చింది. ఫోన్లో చెప్పరు, వాట్సాప్‌లో పంపరు, మళ్ళీ లోపలికి విడివిడిగా పిలిచి తలుపేసి చెప్తారు. మా ఇద్దరికీ నెగటివ్. అక్కడితో పంపించేస్తుందనుకుంటే కూర్చోబెట్టి విండో పీరియడ్ గురించి చెప్పింది. వైరస్ ఒంట్లోకి వచ్చిన మర్నాడే టెస్ట్‌లో కనపడదు, కొన్ని వారాలు పడుతుంది, అందుకని ఈమధ్య ఏదైనా జరిగుంటే ఇవాళ్టి నెగటివ్‌ని నమ్ముకుని కూర్చోకుండా 3 నెలలకి మళ్ళీ రావాలి. అదే నిన్నో మొన్నో జరిగిందనుకోండి, 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి పరిగెత్తి పెప్ మందులు (వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపేవి) మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ప్యాకేజీ డబ్బులు తీసుకున్నవాళ్ళు ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు.

పాజిటివ్ వస్తే ఏంటండీ అని మా ఆయన (కాబోయే) అడిగాడట. మొదటి కిట్‌లో వచ్చినంత మాత్రాన పాజిటివ్ అని చెప్పరట, ఇంకో రెండు వేరే కిట్లతో చూసి మూడింటిలోనూ వస్తేనే చెప్తారు. ఆ తర్వాత ఏఆర్టీ సెంటర్‌కి (హెచ్ఐవీకి మందులిచ్చే చోటికి) పంపుతారు, మందులు ఫ్రీ, ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్రే, సీడీ4 (ఒంట్లో రోగాలతో పోరాడే కణాల లెక్క) తగ్గేదాకా ఆగమనే పాత పద్ధతి 2017లోనే పోయింది, తేలగానే మందులు మొదలుపెడతారు. సరిగ్గా వేసుకుంటే వైరస్ టెస్ట్‌కి కూడా దొరకనంత తగ్గిపోతుంది, అలా ఉన్నన్నాళ్ళూ భార్యకో భర్తకో సెక్స్ ద్వారా అంటుకోదు. ఈ చివరి మాట బయట ఎంతమందికి తెలుసండీ? మనూళ్ళలో ఇంకా హెచ్ఐవీ ఉన్నవాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి ఆలోచిస్తున్నారు, అదీ దేశంలో ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి అయ్యుండి.

ఇక మైనస్‌లు. గది చిన్నది, కౌన్సిలింగ్ జరిగే చోటికీ బయట బెంచీకీ మధ్య ప్లైవుడ్ గోడ, కాస్త గట్టిగా మాట్లాడితే బయటికి వినపడుతుంది, మేడమ్ గొంతు తగ్గించి మాట్లాడింది కాబట్టి సరిపోయింది. ఇంత గోప్యం అని చెప్పేచోట సరైన గోడ కట్టలేరా? కట్ చేసింది దీనికే. బెంచీ ఒక్కటే, కడుపుతో ఉన్నవాళ్ళు నిలబడాల్సి వస్తోంది. ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కడే, ఆయన సెలవు పెడితే రేపు రమ్మంటారట, మా ముందు ఒకాయన అదే చెప్పి విసుక్కున్నాడు, పాపం రెండోసారి వచ్చాడంట. హెపటైటిస్ బి కావాలంటే వేరే చోటికి రాశారు, సిఫిలిస్ మాత్రం అదే రక్తంతో చూసేశారు.

పైసా ఖర్చు కాలేదు, ఆటో డబ్బులు తప్ప. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో తెలీకపోతే 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో ఎవర్నీ అడగడం ఇష్టం లేకపోతే ఎర్ర రిబ్బన్ బొమ్మున్న బోర్డు చూసుకుంటూ వెళ్ళిపోవచ్చు. సోమవారం మాత్రం వద్దు, ఓపీ చీటీ దగ్గరే పొద్దంతా అయిపోతుంది, మధ్యాహ్నం దాటితే శాంపిల్ తీసుకోరు, కాబట్టి మిగతా రోజుల్లో తొమ్మిదింటికల్లా అక్కడుండండి.