పిల్లల వేణువు తయారీ కిట్: గొట్టం మేలైనది, బిరడా మాత్రం సరిచేసుకోవాలి

కొబ్బరాకు బూర చుట్టి ఊదడంతో సరిపెట్టుకోకుండా, చివర కాస్త కత్తిరిస్తే కూత ఎందుకు మారిందని అడిగే పిల్లలు కోనసీమలో వీధికొకరు ఉంటారు. తొమ్మిదేళ్లు దాటిన అలాంటి పిల్లలకి కొనివ్వదగ్గ కిట్ ఇది. 40 సెం.మీ. వెదురు గొట్టాలు రెండు, చేత్తో తిప్పే డ్రిల్లు, గుండ్రటి ఆకురాయి, శాండ్‌పేపరు, గొట్టం తల వైపు మూసే బిరడాలు, రంధ్రాలు ఎక్కడ వేయాలో చెప్పే కొలతల పట్టీ ఇచ్చారు. ముందుగా వేసి ఉన్నది నోటి రంధ్రం ఒక్కటే. స్వరాల రంధ్రాలు ఆరూ పిల్లలే వేసుకోవాలి, దీని విలువంతా అక్కడే ఉంది.

గొట్టం లోపలి వెడల్పు 15 మి.మీ., గోడ మందం 2 మి.మీ. కణుపు లేదు. మారేడుమిల్లి వైపు నుంచి వచ్చే బొంగు నిచ్చెనలకి బాగుంటుంది గానీ, గోడ మందం కాబట్టి వేణువుకి నప్పదు.

రంధ్రాలు కింది చివర నుంచి పైకి వేయించండి. ఒకటి శ్రుతికి వచ్చాకే రెండోది. 5 మి.మీ.తో మొదలుపెట్టి, ఆకురాయితో కొంచెం పెంచడం, ఊది చూడటం. రంధ్రం పెరిగేకొద్దీ స్వరం హెచ్చుతుంది. మరీ హెచ్చితే లోపలి అంచుకి తేనెమైనం రాసి దించవచ్చు. ఏ రెండు గొట్టాలూ ఒకలా ఉండవు కాబట్టి పట్టీ కొలతలు గుర్తులు పెట్టుకోవడానికే. ఆకురాయి రెండుసార్లు తిప్పి ఊదగానే స్వరం సరిగ్గా కుదిరిందంటే, ఇక ఆ గొట్టం పిల్లల చేతిలోంచి తీసుకోవడం కష్టం.

నోటి రంధ్రం అంచుని శాండ్‌పేపరుతో రుద్దనివ్వకండి. ఎదుటి అంచు పదునుగా లేకపోతే నాదం పలకదు, గాలి చప్పుడే వస్తుంది.

ఇక లోపాలు. డ్రిల్లు అవతలికి దిగేటప్పుడు వెదురు చీలుతుంది. వేణువులు చేసేవాళ్లు ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వ వాడేది అందుకే. అది పెద్దవాళ్ల పని. పిల్లలైతే గొట్టానికి టేపు గట్టిగా చుట్టి, నెమ్మదిగా తిప్పాలి. బిరడా నోటి రంధ్రం నడిమికి 25 మి.మీ. దూరంలో బిగించి పంపుతున్నారు. దాంతో కింది స్థాయి బాగానే ఉన్నా పై స్థాయి స్వరాలు శ్రుతి కంటే దిగిపోతాయి. తల వైపు నుంచి పుల్లతో నెట్టి, నోటి రంధ్రం నడిమికి 15, 16 మి.మీ. దూరంలో నిలపండి. గొట్టాల్ని ప్లాస్టిక్ కవరులోనే ఉంచితే మన వానాకాలంలో బూజు పడుతుంది, గుడ్డలో చుట్టుకోండి.

విడి గొట్టాలు అమ్మకపోవడం పెద్ద లోటు. మొదటి వేణువు ఎలాగూ పాడవుతుంది కాబట్టి, ముందు కరెంటు వైరింగ్‌కి వాడే 20 మి.మీ. పీవీసీ గొట్టం మీద చేయి తిరగనివ్వండి. దాని లోపలి వెడల్పు కాస్త ఎక్కువ, పట్టీ కొలతలు కుదరవు, చెవినే నమ్ముకోవాలి. మూడు మీటర్ల గొట్టం తెస్తే ఏడు వేణువులకి సరిపోతుంది.