పడవకు ఏ సీటు, ఇంజిన్‌కు ఏ ఫ్లషింగ్ మేలు?

జూలై వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, పడవ గట్టెక్కిస్తున్నాం. ఇంజిన్‌కు మఫ్స్ పెట్టి కడగాలా, పోర్టుకు పైపు తగిలిస్తే సరిపోతుందా, డ్రమ్ములో ముంచి నడపాలా?" మఫ్స్ అంటే ఇంజిన్ కింద నీళ్ళు లాక్కునే రంధ్రాల మీద తొడిగే రబ్బరు కప్పులు, వాటికి పైపు తగిలిస్తారు. పోర్టు అంటే కడగడానికని ఇంజిన్‌కే ఉండే పైపు మూతి. ఈ ఏడాది సీటు సంగతి కూడా తోడైంది. మా 17 అడుగుల ఫైబర్ పడవలో స్టీరింగ్ వెనక ఉన్న పాత కారు సీటు పీకేసి కొత్తది వేయించాను, విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర చూసినవాళ్ళందరూ అడుగుతున్నారు. అందుకని రెండూ ఒకేచోట రాస్తున్నాను.

ముందు చలికాలం గొడవ తేల్చేద్దాం. నీళ్ళు గడ్డకట్టకుండా ఇంజిన్‌లో యాంటీఫ్రీజ్ పోయాలంటూ మీరు పంపే వీడియోలన్నీ అమెరికా, కెనడాలవి. అక్కడ ఇంజిన్‌లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి ఇనుప బ్లాకు కూడా పగులుతుంది. అందుకే వాళ్ళకు యాంటీఫ్రీజ్ కావాలి. విజయవాడలో జనవరి తెల్లవారుజామున కూడా ఆ భయం లేదు కాబట్టి ఆ డబ్బా కొనకండి. మన పడవలు గట్టెక్కేది వరదకు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రవాహం 11 లక్షలు దాటింది, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లు ఎత్తడానికి ఉండే బరువు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లను) గుద్దాయి. ఆ ఏడాది నుంచి నేను హెచ్చరిక వచ్చేదాకా ఆగడం లేదు, పులిచింతల గేట్లు ఎత్తారని తెలియగానే ట్రైలర్ తీసుకుని ఘాట్‌కు వెళ్ళిపోతున్నాను.

అలా గట్టెక్కిన పడవ రెండు మూడు నెలలు కదలదు. ఆ నెలల్లో దాన్ని తినేసేది లోపల నిలిచిన నీళ్ళు, ఆ నీళ్ళతో వచ్చిన ఒండ్రు. రెండు ఇంజిన్లు విప్పించి చూశాక ఇది నాకు గట్టిగా పట్టుకుంది. కృష్ణ నీళ్ళు ఎర్రబడ్డాక ఒక్క వారం తిరిగినా చాలు, కూలింగ్ దారుల్లో మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది, నీళ్ళు ఆరిపోయాక అది గట్టి పొరలా అంటుకుంటుంది, వచ్చే సీజన్లో ఇంజిన్ వేడెక్కుతుంటే మనం వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే థర్మోస్టాట్‌నో, నీళ్ళు లాగే పంపులోని రబ్బరు రెక్కల చక్రం ఇంపెల్లర్‌నో తిట్టుకుంటాం. కాబట్టి ఇంజిన్ విషయంలోనూ సీటు విషయంలోనూ నేను మొదట చూసేది లోపలికి పోయిన నీళ్ళు పూర్తిగా బయటికి వచ్చే దారి ఉందా లేదా అనే.

డ్రమ్ము సంగతి రెండు మాటల్లో. 8, 10 హెచ్‌పీ చిన్న ఇంజిన్‌ను విప్పి స్టాండుకు బిగించుకునేవాళ్ళకు అదే సుఖం. నీళ్ళు తీసుకునే రంధ్రాలు బాగా మునిగేలా నింపి, న్యూట్రల్‌లో నడిపితే సరి. పెద్ద ఇంజిన్‌కు మాత్రం వద్దు. వదిలిన ఒండ్రే మళ్ళీ లోపలికి పోతుంది, డ్రమ్ములో నీళ్ళు కూడా కాసేపటికే వేడెక్కిపోతాయి.

అసలు పోటీ మఫ్స్‌కూ పోర్టుకూ మధ్యే. పోర్టు ఎంత సులువో చెప్పక్కర్లేదు. ఇంజిన్ ఆపి, పైపు బిగించి, కుళాయి తిప్పి, పది పదిహేను నిమిషాలు వదిలేయడమే. నేను ఇంకాస్త సులువు చేసుకున్నాను. తోటలకు నీళ్ళు పెట్టే పైపులకు వాడే నొక్కితే తగులుకునే కప్లర్ ఒకటి పోర్టు చివర శాశ్వతంగా బిగించాను, ఇప్పుడు చీకట్లో కూడా ఒంటిచేత్తో పైపు తగిలించగలను. ఒంటరిగా తిరిగేవాళ్ళకు ఇది చాలా పెద్ద సాయం. లంకలో పని చేసుకుని సాయంత్రం అలసిపోయి వచ్చాక ఇంకొకరిని పిలవాల్సి వస్తే రోజూ ఎవరూ కడగరు, వారానికోసారి కూడా కడగరు.

పోర్టుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాలామంది పైపు తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసేస్తున్నారు. యమహా ఫోర్‌స్ట్రోక్ మాన్యువల్ ఆ పని చేయొద్దని స్పష్టంగా చెబుతుంది, ఎందుకంటే వాటర్ పంపుకు నీళ్ళు అందక పాడవుతుంది, ఇంజిన్ కూడా వేడెక్కి దెబ్బతింటుంది. మీ ఇంజిన్ వేరే కంపెనీదైతే దాని మాన్యువల్ చూసుకోండి. రెండోది నాకు ముఖ్యమైనది. పోర్టు నీళ్ళు నేరుగా పైనున్న అసలు ఇంజిన్ భాగంలోకి, అంటే పవర్‌హెడ్‌లోకి పోతాయి, ఇంజిన్ చల్లగా ఉంటుంది, పంపు తిరగదు. మఫ్స్ పెడితే నీళ్ళు అసలు దారిలోనే వెళ్తాయి. కింద రంధ్రాల్లోంచి ఇంపెల్లర్ లాక్కుంటుంది, ఇంజిన్ వేడెక్కాక థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, అప్పుడు వచ్చే నీళ్ళ రంగు చూడండి. మా ఇంజిన్‌ను పోర్టుతో పావుగంట కడిగి, శుభ్రమైపోయిందనుకున్న తర్వాత మఫ్స్ పెట్టి నడిపాను. ఆరేడు నిమిషాలయ్యాక మళ్ళీ టీ రంగు నీళ్ళు వచ్చాయి. అది కళ్ళారా చూశాక మఫ్స్ మీద నుంచి నా మనసు మారలేదు.

అయితే మఫ్స్‌తో ప్రమాదం కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట ఒక మెకానిక్ దగ్గర ఇచ్చాను, పేరు ఎందుకులెండి. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి, ఆయన పక్కనే ఫోన్ మాట్లాడుతున్నాడు, ఇంజిన్ పొడిగా తిరుగుతూనే ఉంది. ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు కాలిపోయాయి, ఒక ముక్క విరిగి పైకి వెళ్ళి కూలింగ్ దారిలో ఇరుక్కుంది. ఆ ముక్క కోసం హెడ్ విప్పాల్సి వచ్చింది. ఇంపెల్లర్‌కు నీళ్ళే గ్రీజు, కొద్ది సెకన్లు పొడిగా తిరిగినా దెబ్బే. కాబట్టి మఫ్స్ పెట్టినంతసేపూ ఇంజిన్ వెనక ఉచ్చ పోసినట్టు వచ్చే సన్నటి ధార మీదే కన్నుండాలి. ధార సన్నబడితే వెంటనే ఆపండి, సన్నటి తీగతో ఆ రంధ్రం పొడిచి చూడండి. గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి, ప్రొపెల్లర్ దగ్గరికి పిల్లలను రానివ్వకండి, వీలైతే ప్రొపెల్లర్ విప్పేయండి.

నేను చేసేది రోజూ పోర్టు, గట్టెక్కించే రోజు మఫ్స్. ఏదో ఒక్కటే అంటే మఫ్స్. బందరు, నిజాంపట్నం వైపు ఉప్పునీళ్ళలో తిరిగేవాళ్ళు మాత్రం తిరిగొచ్చిన ప్రతిసారీ కడగాల్సిందే, ఉప్పు ఒండ్రులా మూడు నెలలు ఆగదు.

కడిగాక ఇంజిన్‌ను పైకి ఎత్తి కట్టేస్తే చేసిందంతా వృథా. నిలువుగా దించి ఉంచితేనే లోపలి నీళ్ళు కారిపోతాయి. ట్యాంకులో పెట్రోల్ కూడా మిగల్చకండి. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది, ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్ళతో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఫోర్‌స్ట్రోక్ వాళ్ళు మిగిలింది బైకులో పోసుకోవచ్చు, ఆయిల్ కలిపిన టూస్ట్రోక్ పెట్రోల్ మాత్రం పోయకండి.

ఇక సీటు. మన దగ్గర ఎక్కువమంది చేసేది ఆటోనగర్‌లో పాత కారు సీటు కొని బిగించడం. చవక, కూర్చుంటే హాయిగా కూడా ఉంటుంది, నేనూ మూడేళ్ళు దాని మీదే కూర్చున్నాను. తీసేశాక ఫోమ్ పిండితే బకెట్ అడుగున నీళ్ళు నిలిచాయి, వాన పడి వారమైంది అప్పటికి. కింద ఇనుప ఫ్రేమ్ తుప్పుతో పొరలు పొరలుగా రాలింది, స్ప్రింగులు చేతికి వచ్చాయి. కారు సీటు తడవడానికి తయారైంది కాదు, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

రెడీమేడ్ మెరైన్ సీట్లలో ముందు సగం పైకి మడిచే రకం ఉంటుంది, ఫ్లిప్ అప్ అంటారు. మడిస్తే లేచి నిలబడి దానికి ఆనుకుని నడపొచ్చు. కృష్ణలో ఇది చాలా పనికొస్తుంది, పొద్దున పూట వల బెండ్లు, గుర్రపుడెక్క గుంపులు, భవానీ ద్వీపం పక్కన ఇసుక మేటలు కూర్చుంటే కనపడవు, నిలబడితేనే కనపడతాయి. షాక్ అబ్జార్బర్ ఉన్న సస్పెన్షన్ సీట్లు సముద్రం అలలకు, మనకు అక్కర్లేదు.

నేను చేసింది వేరు. ఫ్లిప్ అప్ సీటు ప్లాస్టిక్ షెల్ ఒక్కటే తెప్పించి, కుషన్లు ఆటోనగర్‌లో కుట్టించాను. మొత్తం ఖర్చు రెడీమేడ్‌లో సగం లోపే అయింది. కుట్టే పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. "బాబాయ్, అడుగున రెగ్జిన్ వద్దు, దోమతెర లాంటి గుడ్డ వేయండి" అంటే "అదేం కుట్టు బాబూ, నెలకే చిరుగుద్ది" అన్నాడు. నైలాన్ జాలీ గుడ్డ పట్టుకెళ్ళి ఇచ్చాక కుట్టాడు, బాగా కుట్టాడు. నీళ్ళు పీల్చని ఫోమ్ అడగండి, బస్సు సీటు స్పాంజి వద్దు. దారం పాలిస్టర్‌దే ఉండాలి, నూలు దారం ఎండకూ తడికీ కుళ్ళుతుంది. కుట్టు కూర్చునే చోట కాకుండా పక్కకు రావాలి, సూది రంధ్రాల్లోంచే నీళ్ళు దిగుతాయి. జిప్పు ప్లాస్టిక్‌ది వేయించండి. నలుపు రంగు వద్దే వద్దు, మే నెల మధ్యాహ్నం దాని మీద ఎవరూ కూర్చోలేరు. షెల్ అడుగున రంధ్రాలు లేకపోతే నాలుగు వేయించండి.

బిగింపు దగ్గర పిసినారితనం చేయకండి. స్క్రూలు చాలవు, పడవ వేగంగా తిరిగినప్పుడు మనిషి బరువంతా ఆ నాలుగు చోట్లే పడుతుంది. నేల కింద స్టీలు ప్లేటు పెట్టి, స్టెయిన్‌లెస్ బోల్టులు ఆరపార వేసి, ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ పూయించాను. పూయకపోతే నేల లోపలి ప్లైవుడ్‌లోకి నీళ్ళు దిగుతాయి, పైకి ఏమీ కనపడదు, అడుగు వేస్తే మెత్తగా తగిలే రోజుకు మొత్తం మార్చాల్సి ఉంటుంది. బోల్టులు వేసే ముందే కూర్చుని చూసుకోండి, పాదాలు నేలకు ఆనాలి, లాగితే ఇంజిన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడు మనం లేచి నిలబడ్డా బిగుసుకోకుండా అందాలి.

మొన్న గట్టెక్కించాక కుషన్లు విప్పి ఇంటి అటక మీద పెట్టాను, షెల్ పడవలోనే ఉంది. గేర్ ఆయిల్ ఈ శనివారం దించుతాను, పాలలా తెల్లగా వస్తే నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీళ్ళు పోయినట్టే, అది దసరా లోపు చూసుకోవాలి.